‘బండియైనఁ బాఱదు’: కందెన, రాపిడి, పట్టు

సుమతీ శతకంలోని ‘యిరుసునఁ గందెనఁ బెట్టక పరమేశ్వరు బండియైనఁ బాఱదు’ (ఇరుసుకు కందెన, అంటే జారుడు కోసం పూసే జిడ్డు, పెట్టకపోతే శివుడి బండి అయినా పాఱదు) అన్న మాటల్లో ‘పాఱదు’ అంటే ‘కదలదు’ అనే అర్థమా, అలాగైతే అది వట్టి అతిశయోక్తి కాదా అని నిన్న ఒక మిత్రులు అడిగారు. నా దృష్టిలో ఇక్కడ క్రియ చాలా జాగ్రత్తగా పడింది. శకటరేఫతో, అంటే ‘ఱ’ అక్షరంతో, కూడిన ‘పాఱు’ అంటే పరుగెత్తడం, ప్రవహించడం. కందెన లేని బండి అసలు కదలదని కాదు. కీచుమని అరుస్తూ, కాడి కింద ఎద్దుల మెడలు ఒరుసుకుపోయేటట్లు కష్టపెడుతూ కదులుతుంది. కదులుతుంది గాని, నీరు పల్లానికి పారినట్లు సాగదు. త్రిపుర సంహార వేళ శివుడు ఎక్కిన రథం భూమేనని, సూర్యచంద్రులే దాని చక్రాలని పురాణం చెబుతుంది కాబట్టి, అంతటి బండికైనా ఈ నియమం తప్పదనడంలో ఉన్న బలం గమనించదగినది. పద్యం మొదటి సగం కరణాన్ని మంచి చేసుకోవడం గురించి; దానిని ఇక్కడ వదిలేస్తున్నాను.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ‘ఇరుసున’ అన్న మాట. కందెన పెట్టేది ఇరుసుకు మాత్రమే. చక్రం చుట్టూ తొడిగిన ఇనుపపట్టాకు ఎవరూ పెట్టరు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసుకున్న రైతుకు, బండిలో ఏ చోట జారాలో, ఏ చోట జారకూడదో స్పష్టంగా తెలుసు. పాఠ్యపుస్తకం మాత్రం ఈ రెండు చోట్లా జరిగే దానికి ‘ఘర్షణ’ అనే ఒకే పేరు పెట్టింది. పైగా పత్రికల్లో ఆ మాట కొట్లాటకు స్థిరపడిపోవడంతో, పిల్లవాడు ఘర్షణ అంటే ఎప్పుడూ కదలికకు ఎదురు నిలిచే శత్రువు అనుకుంటున్నాడు. మన వాడుకలో మాత్రం రెండు వేర్వేరు మాటలున్నాయి. రెండు తలాలు ఒకదానిపై ఒకటి జారుతూ ఒరుసుకుంటే అది రాపిడి. జారకుండా ఒకదానినొకటి నిలబెట్టుకుంటే అది పట్టు. ‘రాపిడికి అరిగిపోయింది’ అంటాం, ‘పట్టుకు అరిగిపోయింది’ అనం. ‘పట్టు తప్పి జారాడు’ అంటాం, ‘రాపిడి తప్పి జారాడు’ అని ఎవరూ అనరు.

లెక్క వేసి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. 1,000 కిలోల బరువు నేలను సుమారు 9,800 న్యూటన్ల బలంతో నొక్కుతుంది. ఘర్షణ గుణకం (నొక్కే బలంలో ఘర్షణ ఎన్నో వంతో చెప్పే సంఖ్య) 0.5 అనుకుంటే, ఆ బరువును నేల మీద ఈడ్వడానికి 4,900 న్యూటన్ల బలం కావాలి. అదే బరువును 120 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రాల మీద, 5 సెంటీమీటర్ల మందం గల ఇరుసు మీద ఉంచితే, రాపిడి నేలను వదిలి ఇరుసు దగ్గరకు చేరుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగి బండి ఎంత దూరం సాగుతుందో, అందులో 24వ వంతు దూరమే ఇరుసు దగ్గర జారుడు జరుగుతుంది. అక్కడ గుణకం 0.3 అనుకున్నా, ఆ రాపిడిని అధిగమించడానికి లాగవలసిన బలం దాదాపు 122 న్యూటన్లే. కందెన వేసి గుణకాన్ని 0.1కి తగ్గిస్తే అది 41కి దిగుతుంది. మెత్తని నేలలో చక్రం దిగబడడం వల్ల కలిగే భారం దీనికి అదనం. చక్రం నేలను తాకే చోట మాత్రం జారుడు లేదు. ఆ బిందువు ఆ క్షణానికి నిశ్చలంగా ఉంటుంది, అక్కడ ఉన్నది పట్టు. ఎద్దు గిట్టకూ అంతే: గిట్ట నేలను వెనక్కు నెడుతుంది, నేల ఎద్దును ముందుకు నెడుతుంది. న్యూటన్ 1687లో చెప్పిన మూడవ నియమం ఇదే. ఎద్దును ముందుకు నడిపే ఆ తోపు కూడా ఘర్షణే, కానీ దానిని శత్రువు అనడానికి వీలు లేదు.

అందుకే జారకుండా నిలిపే ఘర్షణను, అంటే పుస్తకాల్లోని ‘స్థితిక ఘర్షణ’ను, తరగతిలో మొదట ‘పట్టు’ అని పరిచయం చేయాలని నా కోరిక.

ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల స్పందన:

మీ విభజన బోధనకు ఉపయోగపడుతుందని ఒప్పుకుంటాను. అయితే శాస్త్రపదం నుంచి మరికొన్ని పదాలు పుట్టగలగాలి. ‘స్థితిక ఘర్షణ గుణకం’ అన్న చోట ‘పట్టు గుణకం’ అంటే పట్టుబట్టలు, పట్టుదల కూడా మనసుకు వస్తాయి. పైగా రెండింటినీ కలిపే సూత్రం ఒకటి ఉంది: తలాలు ఎంత గట్టిగా ఒత్తుకుంటే ఘర్షణ అంత పెరుగుతుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త అమోంటోన్ 1699లో చెప్పినది జారుడుకూ, జారే ముందు పట్టు చేరుకోగల గరిష్ఠానికీ వర్తిస్తుంది. ఉమ్మడి పేరు లేకపోతే ఆ సూత్రాన్ని రెండుసార్లు చెప్పవలసి వస్తుంది.

నా సమాధానం:

మీ మాట న్యాయమైనది. ఉమ్మడి పేరుగా ‘ఘర్షణ’ ఉండవలసిందే. దానిని తొలగించాలని నేను కోరలేదు. అయితే మీరు చెప్పిన ఆ ‘గరిష్ఠం’ అన్న మాటలోనే వాడుక పదాల అవసరం కనిపిస్తోంది. పట్టుకు ఒక హద్దు ఉంటుంది. లాగుడు ఆ హద్దు దాటగానే పట్టు తెగి రాపిడి మొదలవుతుంది, సాధారణంగా రాపిడి ఆ హద్దు కంటే తక్కువగా ఉంటుంది. బరువైన బీరువాను నెట్టినవారికి ‘కదిలేదాకానే కష్టం’ అన్న మాట అనుభవంలోనిదే. తడి రోడ్డు మీద బ్రేకు బలంగా నొక్కితే చక్రం తిరగడం ఆగిపోయి బండి జారిపోవడం కూడా పట్టు రాపిడిగా మారడమే. వాహనాల్లో ఉండే ఏబీఎస్ అనే బ్రేకు ఏర్పాటు చేసే పని చక్రాన్ని పూర్తిగా బిగుసుకుపోనివ్వకుండా ఆ పట్టును నిలపడం. ఈ వాక్యాలను ‘స్థితిక’, ‘గతిక’ (జారుతున్నప్పటి) అన్న విశేషణాలతో రాసి చూశాను. ఎనిమిదో తరగతి పిల్లవాడికి రెండోసారి చదవవలసి వచ్చింది. కందెన అన్న మాటను పాఠ్యపుస్తకం అలాగే ఉంచుకుంది కదా, దాని పక్కన పట్టుకూ రాపిడికీ చోటు ఇవ్వమనే నేను అడుగుతున్నాను.