మయన్మార్ (బర్మా)లోని మోల్మేన్‌లో మా బావమరిదికి సైన్యం పిలుపు భయం. అక్కడ చెప్పుకోవడానికి ఎవరున్నారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. మాది కళింగపట్నం దగ్గర పల్లె. మా ముత్తాతల కాలంలో స్టీమరెక్కి రంగూన్ పోయినవాళ్లు మా వీధిలో ఇంటికొకరు ఉండేవారు. అక్కడి సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు స్వాధీనం చేసుకుని, 1964లో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నాక మా తాతగారు అన్నీ వదులుకుని వచ్చేశారు. ఆయన చెల్లెలు మాత్రం అత్తవారిల్లు వదల్లేక మోల్మేన్‌లోనే ఉండిపోయింది.

ఆవిడ కోడలు నాకు అత్త వరస. ఆమె కొడుక్కి ఇరవై ఏళ్లు. ఫేస్‌బుక్, వాట్సాప్ అక్కడ ఆపేశారు కాబట్టి వీపీఎన్ పెట్టుకుని ఎప్పుడో ఒకసారి మాట్లాడతారు. మొన్న అత్త ఏడుస్తూ, "రాత్రిపూట వీధిలో కుక్క మొరిగితే చాలు, గుంటడిని వెనకగదిలోకి తోసి తలుపేసేస్తన్నాను" అంది. వాళ్ల వార్డులో కుర్రాళ్ల పేర్లు రాసుకుని వెళ్లారట.

అక్కడ ఇప్పుడు ప్రభుత్వం ఎవరిది? ఎన్నికలు పెట్టారని టీవీలో చూశాను, మరి ఈ భయం ఏమిటి? ఆ దేశం ఐక్యరాజ్యసమితిలో ఉంది, ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో ఉంది, మనతోపాటు బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్‌స్టెక్‌లో కూడా ఉంది. ఇన్నింటిలో సభ్యత్వం ఉండి కూడా, ఒక తల్లి "నా కొడుకుని తీసుకెళ్లొద్దు" అని చెప్పుకోవడానికి ఒక్క చోటు లేదా?

గంటస్తంభం మాస్టారు (విజయనగరం):

బాబూ, నేను కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మా నాన్న తరఫు వాళ్లు కూడా భీమిలిలో ఓడెక్కి పోయినవాళ్లే. అందుకని ఆ దేశం వార్త ఏది కనిపించినా వదలను.

2020 నవంబర్ ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఎన్‌ఎల్‌డీ గెలిచింది. కొత్త పార్లమెంటు కొలువుదీరాల్సిన రోజునే, 2021 ఫిబ్రవరి 1న, సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్ ఆమెను అరెస్టు చేయించి అధికారం లాక్కున్నాడు. బయటపడ్డ నాయకులు జాతీయ ఐక్యతా ప్రభుత్వం అని పెట్టుకున్నారు. సరిహద్దు రాష్ట్రాల్లో చాలాచోట్ల కరెన్, కచిన్, అరకాన్ జాతుల సాయుధ దళాలదే పెత్తనం. మోల్మేన్ సైన్యం చేతిలో ఉంది. మీరు టీవీలో చూసిన ఎన్నికలు 2025 డిసెంబర్ 28న మొదలై విడతలుగా జరిగాయి. కానీ ఎన్‌ఎల్‌డీని 2023లోనే రద్దు చేసేశారు. పైగా 2008 రాజ్యాంగం ప్రకారం రెండు సభల్లోనూ నాలుగోవంతు సీట్లు సైన్యానివి. రాజ్యాంగాన్ని సవరించాలంటే 75 శాతం కన్నా ఎక్కువ ఓట్లు కావాలి. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రులను ఎంచేది సైన్యాధిపతే. ఓటు వేసినంత మాత్రాన మీ అత్త ఇంటి తలుపు కొట్టేవాడు మారడు.

నిర్బంధ సైనిక సేవ చట్టం 2010 నాటిది. దాన్ని బయటికి తీసింది 2024 ఫిబ్రవరి 10న. అంతకు కొద్ది నెలల ముందు, 2023 అక్టోబర్ 27న, షాన్ రాష్ట్రం ఉత్తరాన అలాంటి సాయుధ దళాలు మూడు కలిసి సైన్యం మీద దాడికి దిగాయి. సైన్యం వరసగా పట్టణాలు పోగొట్టుకుంది, మనుషులు కరువయ్యారు. మగవాళ్లకు 18 నుంచి 35, ఆడవాళ్లకు 18 నుంచి 27 ఏళ్లు. సేవ రెండేళ్లు, అత్యవసర పరిస్థితి అంటే ఐదేళ్ల దాకా. చదువుకుంటున్నవాళ్లకు, ముసలి తల్లిదండ్రులను తానే చూసుకోవాల్సినవాళ్లకు వాయిదా ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. అబ్బాయి పేరు కాలేజీ రిజిస్టర్లో ఉందా? ముందు అది కనుక్కోండి.

ఇక మీరడిగిన సభ్యత్వాల సంగతి. బర్మా 1948 జనవరి 4న స్వతంత్రమైంది, ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితిలో చేరింది. పంతనాలో బడి నడిపిన ఊ థాంట్ 1961 నుంచి 1971 దాకా ఆ సమితికే ప్రధాన కార్యదర్శి. అలాంటి దేశం ఈరోజు ఒక్కో సభలో ఒక్కో మనిషి రూపంలో కూర్చుంటోంది. న్యూయార్క్‌లో రాయబారి చ్యా మో తున్ 2021 ఫిబ్రవరి 26న సర్వసభ్య సభలో సైన్యాన్ని ఖండించి, అక్కడ నిరసనకు గుర్తయిన మూడు వేళ్లు ఎత్తి చూపాడు. మర్నాడే సైన్యం ఆయన్ని తీసేశామంది. అయినా ఆ దేశం ప్రతినిధిగా ఎవరిని గుర్తించాలన్న నిర్ణయాన్ని సమితి వాయిదా వేస్తూ రావడంతో ఆయన ఆ కుర్చీలోనే ఉండిపోయాడు. ఆసియాన్ 2021 ఏప్రిల్‌లో హింస ఆపాలని ఐదు అంశాల ఒప్పందం చేయించింది. సైన్యం దాన్ని పట్టించుకోకపోయేసరికి శిఖరాగ్ర సమావేశాలకు రాజకీయ నాయకుడు కాని ప్రతినిధినే పంపమంది. 2026లో మయన్మార్‌కు రావాల్సిన ఆసియాన్ అధ్యక్ష స్థానం ఫిలిప్పీన్స్‌కు పోయింది. బిమ్‌స్టెక్‌లో ఆ అడ్డు కూడా లేదు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సమావేశానికి మిన్ ఆంగ్ హ్లయింగ్ స్వయంగా వచ్చాడు, మన ప్రధాని కూడా ఆయన్ని కలిశారు.

ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది బాబూ. కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న తగువుకు ఇన్ని సభలున్నాయి. మీ అత్త వెళ్లి నిలబడడానికి మాత్రం ఒక్క గుమ్మం లేదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మయన్మార్ చేరనే లేదు, కాబట్టి దాని కమిటీకి అర్జీ పెట్టుకునే వీలు లేదు. జాతినిర్మూలన ఒప్పందాన్ని 1956లోనే ఒప్పుకుంది కాబట్టి రఖైన్ రాష్ట్రంలోని ముస్లిం మైనారిటీ రోహింగ్యాల విషయంలో గాంబియా 2019లో ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగగలిగింది. కానీ ఆ కోర్టులో దేశం మీద దేశం కేసు వేయాలి, తల్లులు వేయలేరు.

కవిటి సీమన్:

అన్నయ్యా, మాస్టారు పెద్ద విషయాలు చెప్పారు, నేను ఓడల మీద పనిచేసేవాడిగా రెండు ముక్కలు చెప్తాను. నాతోపాటు మయన్మార్ కుర్రాళ్లు చాలామంది పనిచేశారు.

మొదటిది ఫోన్. మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు సైన్యం గురించి ఒక్క మాట కూడా టైప్ చేయొద్దు. సైన్యం అధికారం లాక్కోగానే శిక్షాస్మృతిలో 505ఏ అనే సెక్షన్ కొత్తగా పెట్టారు. ఫేస్‌బుక్‌లో రాసిన మాటకు కూడా మూడేళ్ల దాకా జైలు వేసేస్తారు. చెక్‌పోస్టులో ఫోన్ తీసుకుని ఫొటోలు, మెసేజ్‌లు చూస్తారు. నాతో ఉన్న మోటర్‌మన్ సెలవు మీద ఇంటికి బయల్దేరే ముందు ఫోన్‌లో ఒక్కో ఫొటో తుడిచేస్తూ కూర్చున్నాడు, చెల్లెలి పెళ్లి ఫొటోలతో సహా. ఆ పెళ్లిలో ఎవరో మూడు వేళ్లు ఎత్తారట. అబ్బాయిని చుట్టాలింట్లో దాచుదామన్నా కష్టమే. రాత్రి ఇంట్లో బయటివాళ్లు పడుకుంటే వార్డు ఆఫీసుకు చెప్పాలి, చెప్పకపోతే ఇంటివాళ్లకు కేసు.

రెండోది ఏజెంట్లు. ఇలాంటి టెన్షన్‌లో ఉన్న ఇళ్లకే వస్తారు. "థాయ్‌లాండ్ దాటిస్తాం, కంప్యూటర్ ఉద్యోగం" అంటారు. మోల్మేన్ నుంచి ఆ రోడ్డు పోయేది థాయ్ సరిహద్దులోని మ్యావాడీకే. మనుషులను బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించే కేకే పార్క్ లాంటి కాంపౌండ్లు వెలిసింది అక్కడే. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు అలా ఇరుక్కున్న 549 మంది భారతీయులను థాయ్ వైపు మే సోట్ నుంచి తీసుకొచ్చాయి. మనకు ఎంబసీ ఉంది కాబట్టి వచ్చారు. ఆ అబ్బాయికి ఎవరున్నారు? 2024 మేలో మగవాళ్లకు విదేశీ పని అనుమతులు కూడా ఆపేశారు, అందుకే దొంగదారి బేరాలు ఎక్కువయ్యాయి. అత్తగారికి ఈ మాట గట్టిగా చెప్పండి.

నాగావళి గట్టు:

మాస్టారూ, తమ్ముడూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అత్తతో మాట్లాడాను. అబ్బాయి కాలేజీ మానేసి మావయ్య టీ కొట్టులో ఉంటున్నాడట. మళ్లీ చేర్చమన్నాను. ఏజెంటు ఒకడు ఆల్రెడీ వచ్చి వెళ్లాడట! ఇంకోటి, వాళ్లింట్లో అందరివీ నీలం కార్డులే. పూర్తి పౌరులు కారు కాబట్టి సైన్యానికి పిలవరని పక్కింటివాళ్లు అంటున్నారట. నిజమేనా?

గంటస్తంభం మాస్టారు:

ఆ ధైర్యం పెట్టుకోవద్దు బాబూ. 1982 పౌరసత్వ చట్టం మనుషులను మూడు రకాలు చేసింది. పూర్తి పౌరులకు గులాబీ కార్డు, అనుబంధ పౌరులకు నీలం, తర్వాత పౌరసత్వం పొందినవాళ్లకు ఆకుపచ్చ. 1823కు ముందు నుంచీ అక్కడ ఉన్న జాతులే సొంతవాళ్లని దాని లెక్క. మనవాళ్లు ఎన్ని తరాలు ఆ రేవుల్లో బస్తాలు మోసినా ఆ లెక్కలోకి రారు. నీలం కార్డును ప్రభుత్వం రద్దు చేయగలదు కూడా. కానీ సైన్యానికి కావాల్సివచ్చినప్పుడు రంగు చూడరు. పౌరసత్వమే ఇవ్వని రోహింగ్యా కుర్రాళ్లను 2024లో రఖైన్‌లో పట్టుకెళ్లి తుపాకులిచ్చారు.

కాలేజీలో చేర్చడం మంచి పని, రసీదు జాగ్రత్తగా పెట్టుకోమనండి. మీవైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. విదేశీ పౌరులైన భారతీయ మూలాలవాళ్లు వీసా లేకుండా ఇక్కడికి వచ్చి ఉండడానికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు మన చట్టంలో మునిమనవళ్ల దాకా వర్తిస్తుంది. దానికి పూర్వీకుల కాగితం కావాలి. మీ తాతగారు వచ్చినప్పటి ప్రయాణ పత్రాలు, ముత్తాత పేరున్న భూమి దస్తావేజు ఏవైనా ఇంట్లో ఉన్నాయేమో వెతకండి. దొరికితే పేర్లు, ఊరు కనిపించేలా నకళ్లు తీయించండి. ఫోన్‌లో పంపొద్దు. యాంగోన్‌లో మన ఎంబసీకి అబ్బాయి తరఫున ఎవరు వెళ్లాలో, కాగితాలు ఎలా చేర్చాలో ముందు తేల్చుకుందాం. ఈ ఆదివారం విజయనగరం రాగలిగితే కలిసి కూర్చుని అర్జీ రాద్దాం.