మీ రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉందా?

గుంటూరు_ఫైబర్: కొత్త కనెక్షన్‌తో ఇచ్చిన రౌటర్‌లో ఐపీవీ6 (ఐపీవీ4 తర్వాతి కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి) ముందే ఆన్ చేసి ఉంది. ఇంట్లో ఒక నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించిన ఫైల్ స్టోరేజ్ డబ్బా), రెండు కెమెరాలు ఉన్నాయి. ఊరికే చూద్దామని ఫోన్‌లో వైఫై ఆపి, జియో డేటా మీద నాస్ ఐపీవీ6 అడ్రస్ కొడితే లాగిన్ పేజీ వచ్చేసింది! పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలి పరికరానికి దారి తెరవడం) ఒక్కటీ పెట్టలేదు. మీ దగ్గర ఎలా ఉంది?

ప్యాకెట్_పంతులు: ఐపీవీ4లో ఇన్నాళ్లూ మిమ్మల్ని కాపాడింది న్యాట్ (రౌటర్ చేసే అడ్రస్ మార్పిడి) అండీ. ఇంటి మొత్తానికీ ఒకటే పబ్లిక్ అడ్రస్ కాబట్టి, బయటి నుంచి పిలవకుండా వచ్చిన ప్యాకెట్‌ని లోపల ఎవరికివ్వాలో తెలియక రౌటర్ పడేసేది. అది భద్రత కోసం పెట్టింది కాదు, అలా కలిసొచ్చింది. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రస్ ఉంటుంది, అడ్డుకోవాల్సింది ఫైర్‌వాలే.

మరి డీఫాల్ట్ ఎందుకు ఒక్కో డబ్బాలో ఒక్కోలా ఉందంటే, 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6092 (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) ఇంటి రౌటర్ ఏం ఆపాలో వివరంగా చెప్పింది. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7084 ఆ సౌకర్యం రౌటర్‌లో ఉండాలంది కానీ, డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంచాలా వద్దా అన్నదానిపై మేం ఏమీ చెప్పం అని రాసేసింది. ఇంక ఎవరిష్టం వాళ్లది.

వరంగల్_వైఫై: అంత టెన్షన్ అవసరమా బ్రో? ఒక్క /64లోనే (ఒక నెట్‌వర్క్‌కి ఇచ్చే అడ్రస్‌ల బ్లాక్) రెండు టు ది పవర్ 64 అడ్రస్‌లు. ఎవడు స్కాన్ చేస్తాడు?

ప్యాకెట్_పంతులు: వరసగా స్కాన్ చేయలేరు, నిజమే. కానీ అడ్రస్ మీరే ఇస్తున్నారుగా. టొరెంట్‌లో అవతలివాళ్లకి కనిపిస్తుంది, డైనమిక్ డీఎన్ఎస్ (మారే అడ్రస్‌ని మారని పేరుకి కలిపే సర్వీస్) పేరులో ఉంటుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బయటికెళ్లేటప్పుడు వాడే అడ్రస్‌ని మారుస్తూ ఉంటాయి. కెమెరాల్లాంటివి చాలావరకు మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ నంబర్) నుంచే తయారుచేసుకుంటాయి. ఐపీవీ6 అడ్రస్ చివరి సగం మధ్యలో ‘ఎఫ్ఎఫ్:ఎఫ్ఈ’ కనిపిస్తే అదే. ప్రిఫిక్స్ (అడ్రస్ ముందు భాగం) మారినా ఆ సగం మారదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ_ఓబులేసు: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో (రౌటర్‌లో వేసుకునే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్) ఈ బాధ లేదు. వ్యాన్ (బయటి నెట్) నుంచి ల్యాన్‌కి (ఇంటి నెట్‌వర్క్‌కి) వచ్చేవి డీఫాల్ట్‌గా రిజెక్ట్. అవసరమైన ఐసీఎంపీవీ6 (నెట్‌వర్క్ తన లోపాలు, సమాచారం చెప్పుకునే కబుర్లు) రకాలు, ఐపీసెక్‌కి (ఒక వీపీఎన్ పద్ధతి) కావాల్సినవి మాత్రం వదులుతుంది.

గుంటూరు_ఫైబర్: దొరికింది. మా దాంట్లో సెక్యూరిటీ మెనూలో లో, మీడియం, హై అని ఉంది కానీ అది ఐపీవీ4కే. ఐపీవీ6కి వేరే పేజీలో వేరే టిక్ ఉంది, ఖాళీగా. పెట్టాక బయటి నుంచి పేజీ రావట్లేదు.

కాకినాడ_కేబుల్: మా ఇంటికొచ్చిన టెక్నీషియన్ ఇలాంటిదే ‘హై’లో పెట్టి వెళ్లాడు. కొన్ని సైట్లు సగం లోడై ఆగిపోయేవి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఐపీవీ6 మొత్తం ఆపేయమన్నారు. తలనొప్పి వస్తే తల తీసేయమన్నట్టు!

ప్యాకెట్_పంతులు: ఆ హై ఐసీఎంపీవీ6 మొత్తాన్నీ ఆపేస్తూ ఉండొచ్చు. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ప్యాకెట్‌ని ముక్కలు చేయవు. పెద్దదైతే ‘ప్యాకెట్ టూ బిగ్’ అని వెనక్కి కబురు పంపుతాయి. ఆ కబురే అందకపోతే పంపినవాడు అదే సైజులో పంపుతూనే ఉంటాడు. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) కనెక్షన్లలో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) మామూలుగా 1492 బైట్లే కాబట్టి ఇది ఎక్కువ తగులుతుంది. ఐసీఎంపీవీ6ని వదిలి మిగతావి ఆపండి.

ఇంకోటి, టెస్ట్ చేసే ముందు ఫోన్ డేటాలో ఐపీవీ6 వస్తోందో లేదో చూసుకోండి. లేకపోతే ఎలాగూ పేజీ రాదు, ఫైర్‌వాల్ పనిచేస్తోందని మోసపోతారు.

డాలస్_తమ్ముడు: అన్నా, విజయవాడలో అమ్మావాళ్ల కెమెరా ఇక్కణ్నుంచి చూడాలి. అక్కడ సీజీన్యాట్ (ఒకే పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌ని కంపెనీయే చాలా ఇళ్లకి పంచడం), వ్యాన్ అడ్రస్ 100.64తో మొదలవుతోంది. ఐపీవీ6లో కెమెరా పోర్ట్ ఒక్కటి తెరిస్తే చాలా?

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ_ఓబులేసు: కెమెరా పోర్ట్ వద్దు తమ్ముడూ, వాటి ఫర్మ్‌వేర్‌ని నమ్మలేం. రౌటర్‌లోనే వైర్‌గార్డ్ (వీపీఎన్) పెట్టి, దాని యూడీపీ పోర్ట్ ఒక్కటే తెరువు, మామూలుగా 51820. ప్రిఫిక్స్ మారుతుంటే డైనమిక్ డీఎన్ఎస్‌లో ఏఏఏఏ రికార్డ్ (పేరుకి ఐపీవీ6 అడ్రస్ చూపేది) పెట్టుకో. నీ వైపు కనెక్షన్‌లో కూడా ఐపీవీ6 ఉండాలి సుమా.