ఒక్క ఆదివారం మిగిలింది, విశాఖలో అమ్మతో ఎక్కడికి వెళ్లాలి?

ద్వారకానగర్ చిట్టా:
ఈ చలికాలంలో నేను చూసిన పొగమంచు అంతా ఫోనులోనే. తెలిసినవాళ్లందరూ లంబసింగి, వంజంగి వెళ్లి మేఘాల పక్కన నిలబడి ఫోటోలు పెట్టారు. నేను ఆడిటరు గారి ఆఫీసులో ఏసీ కింద శాలువా కప్పుకొని ఓచర్లు సరిచూశాను. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లనే వెళ్లింది. మొన్న సాయంత్రం బస్సు దిగి నడుస్తుంటే ఎవరింటి ప్రహరీ మీదనుంచో మామిడి పూత వాసన వచ్చింది. వెనకనుంచి స్కూటరతను హారన్ కొట్టేవరకు కదల్లేదు. అప్పటినుంచి కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు.

మార్చి నెలాఖరు లెక్కలు మొదలైతే మాకు ఆదివారాలుండవు. వచ్చే ఆదివారం ఒక్కటే మిగిలింది. అమ్మ కూడా వస్తుంది. ఆవిడకు అరవై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులు. పది మెట్లెక్కగానే "నువ్వు వెళ్లిరా, నేనిక్కడ కూర్చుంటాను" అంటుంది. మాకు కారు లేదు. కైలాసగిరి మాత్రం చెప్పవద్దు, ఆదివారం అక్కడ చెట్లకన్నా జనం ఎక్కువ. ఉక్కపోత మొదలయ్యేలోగా కాస్త గాలి, కాస్త పచ్చదనం చాలు.

నాన్న ఉన్నప్పుడు ఈ రోజుల్లోనే స్కూటరు మీద భీమిలి రోడ్డుకు తీసుకువెళ్లేవారు. ఎర్రమట్టి దిబ్బలు నాకు సరిగ్గా గుర్తులేవు. అక్కడ పచ్చి జీడిగింజ ఒలవబోయి వేళ్లు పొక్కించుకోవడం, నాన్న కొబ్బరినూనె కోసం ఇల్లిల్లూ తిరగడం గుర్తున్నాయి.

పాత గార్డు:
అమ్మా, అరకు మీదుగా వెళ్లే కిరండోల్ పాసింజర్ రైలు ఎక్కండి. కొండ అదే ఎక్కుతుంది, మీ అమ్మగారు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. శివలింగపురం దాటాక సొరంగం తరువాత సొరంగం. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్లు, అక్కడ ఇంకా మీ శాలువాకు పని ఉంటుంది. వలిసె పూలు అయిపోయాయి గానీ వాలుల్లో మోదుగలు ఎర్రగా ఉంటాయి. ఒక మంచి వాన పడితే ఆ తరువాత పది రోజులకు కాఫీ తోటలు పూస్తాయి. కొమ్మ పొడవునా తెల్లగా, మల్లెల వాసన. మూడు నాలుగు రోజులే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ వాసన కోసమే నేను డ్యూటీలు మార్చుకున్నాను.

ద్వారకానగర్ చిట్టా:
గార్డు గారూ, నోరూరించారు. కానీ తిరిగి వచ్చేసరికి రాత్రవుతుంది కదా. అమ్మ ఒప్పుకోదు.

తీరం నడక:
ఎర్రమట్టి దిబ్బలు ఈసారికి వదిలేయండి. ఇసుకలో దిగడం, ఎక్కడం మోకాళ్లకు శిక్ష. ఆ దారిలోనే తొట్లకొండ ఉంది, పైదాకా రోడ్డు ఉంది. భీమిలి బస్సు దిగి ఆటో ఎక్కండి. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లవల్లే ఆ పేరు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ విహారాలు కట్టుకున్నారు. పైనుంచి సముద్రం చూస్తే వాళ్లకు స్థలం ఎంచుకోవడం తెలుసని ఒప్పుకుంటారు. తొమ్మిదిన్నర దాటితే రాళ్లు కాలుతాయి, అంతకుముందే దిగిపోండి.

తాబేళ్ల పిచ్చి:
అంత దూరం ఎందుకు? ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమిది. అటవీశాఖవారు గుడ్లను ఏరి తీరంలోనే కంచె వేసి కాపాడుతున్నారు. దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి, వాటిని సముద్రంలోకి వదులుతారు. ముందురోజు సాయంత్రం వెళ్లి కాపలావాళ్లను అడగండి, ఉంటే పొద్దున్నే రమ్మంటారు. అరచేతిలో సగం కూడా లేని పిల్ల అల తగిలి బోర్లా పడి మళ్లీ లేస్తుంది. మా అమ్మ గంటసేపు దాన్ని "రా నాయనా, వెళ్లు నాయనా" అంటూ సాగనంపింది. ఫోను లైటు మాత్రం వేయకండి, వెలుగు చూసి దారి తప్పుతాయి.

ద్వారకానగర్ చిట్టా:
అమ్మకు అన్నీ చదివి వినిపించాను. శనివారం సాయంత్రం బీచికి వెళ్లి తాబేళ్ల సంగతి అడుగుతాం. ఉంటే ఆదివారం తెల్లవారగానే అక్కడికి, లేకపోతే తొట్లకొండ. కాఫీ పూల మాట మాత్రం దాచాను. చెబితే ఏప్రిల్ దాకా రోజూ అడుగుతుంది. ఆవిడకొచ్చిన సందేహం ఒక్కటే, భీమిలి రోడ్డులో పచ్చి జీడిపప్పు అమ్మడం మొదలుపెట్టారా అని. నా సందేహం ఆటో గురించి. కిందనుంచి పైకి ఎంత అడుగుతారు?

తీరం నడక:
జీడిపప్పు సంగతి బస్సు కిటికీలోంచి చూసుకోండి. ఆటో బేరం మీ అమ్మగారికి వదిలేయండి.