కురూపం మీద వ్యాసం: వాదన ఎక్కడ దొరుకుతుంది?

మొదటి సంవత్సరం విద్యార్థిని:
ఈ సెమిస్టరులో మాకు విశ్లేషణాత్మక రచన కోర్సు ఉంది. అంశం కురూపం. ఏ సమాజం దేన్ని అసహ్యించుకుంది, ఎందుకు అన్నది తేల్చాలి. ఎటు నుంచి మొదలుపెట్టినా ‘అందం చూసే కళ్లలో ఉంటుంది’ అన్న చోటికే చేరుతున్నాను. దాన్ని కాదనేవాళ్లే లేనప్పుడు ఇక వాదించేదేముంది? 1513 ప్రాంతంలో చిత్రకారుడు క్వెంటిన్ మాసిస్ ఒక వికృత రూపపు ముసలావిడను గీసిన ‘అగ్లీ డచెస్’ చిత్రం తీసుకోనా, అమెరికా నగరాల్లో ఒకప్పుడు అమలైన ‘అగ్లీ లాస్’, అంటే కురూపులు వీధుల్లో కనబడకూడదన్న చట్టాలు, తీసుకోనా?

రచన బోధకురాలు:
చట్టాలే తీసుకోమ్మా. ఏది కురూపం అని అడగకు. ఎవరన్నారు, అన్నాక ఏం జరిగింది అని అడుగు. 1867లో శాన్ ఫ్రాన్సిస్కో ఇచ్చిన ఉత్తర్వు శీర్షిక చూడు. వీధుల్లో భిక్షాటనను నిషేధించడం, కొందరు బహిరంగ ప్రదేశాల్లో కనబడకుండా కట్టడి చేయడం, రెండూ ఒకే శీర్షికలో ఉంటాయి. పేదరికాన్నీ రూపాన్నీ ఒకే గాటన ఎందుకు కట్టారు? నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది.

షికాగో 1881లో చేసిన నిబంధన ఇంకా పదునైనది. రోగం వల్ల గానీ అంగవైకల్యం వల్ల గానీ చూడటానికి జుగుప్స కలిగించేవారు జనం కంటపడకూడదని దాని సారాంశం. అంటే నేరం ఒకరి ఒంట్లో ఉంది, కొలబద్ద మరొకరి కంట్లో ఉంది. వీధిలో ఆ కన్ను పోలీసుది. షికాగో దీన్ని 1974 దాకా రద్దు చేయలేదు. ఆ సంవత్సరం చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నీకూ వస్తే దాచుకోకు, ఆధారాలతో రాయి.

చిత్రకళ విద్యార్థి:
చిత్రాన్ని అంత తొందరగా వదలొద్దు. ముఖం పక్కనపెట్టి మిగతాది చూడండి. కొమ్ముల్లా లేచిన ఆ శిరోవేష్టనం అప్పటికే పాతబడిపోయిన ఫ్యాషన్. చేతిలో గులాబీ మొగ్గ. వెక్కిరింపు ముఖం మీద కన్నా ముదిమిలో వలపు కోరడం మీదే ఎక్కువని నాకనిపిస్తుంది. తర్వాతి కాలంలో కొందరు వైద్యులు అదే ముఖంలో ఎముకలను వికృతం చేసే పేజెట్ వ్యాధి లక్షణాలు గుర్తించారు. అది తెలిశాక నవ్వు రాదు.

మొదటి సంవత్సరం విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చట్టాలే రాస్తాను. ఆ డచెస్‌ను చూసి నవ్వారు గానీ వీధిలోంచి తరమలేదు కదా. ఈ నిబంధనలను చివరి దాకా నిజంగానే అమలు చేశారా?

రచన బోధకురాలు:
చేశారు. 1974లోనే అమెరికాలోని ఒమాహా నగరంలో ఒంటి మీద మచ్చలున్న ఒక నిరాశ్రయుణ్ణి ఇలాంటి నిబంధన కిందే అరెస్టు చేశారు. ఆనాటి పత్రికలు వెతుకు.