పాటలో లేని గుడ్డు బొమ్మలోకి ఎలా వచ్చింది?

ప్రశ్న:
ఇంగ్లీషు నర్సరీ పాటలకు వేర్వేరు కాలాల్లో వేసిన బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. రెండు సందేహాలు. హంప్టీ డంప్టీ పాటలో గుడ్డు అన్న మాటే లేదు, మరి బొమ్మల్లో గుడ్డెందుకు? పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడు కాల్డెకాట్ బొమ్మల్లో రంగులు పలచగా, తెల్లకాగితం ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాతి తరం చిత్రకారుడు రాకమ్ దగ్గరికొచ్చేసరికి నీడలూ మసక గోధుమరంగూ. ఇది చిత్రకారుడి అభిరుచా, అచ్చు పద్ధతా?

జవాబు 1:
అది అసలు పొడుపుకథండీ. విడుపు గుడ్డు. అందుకే పాటలో ఆ మాట ఉండదు. బొమ్మ వేస్తే గుట్టు బయటపడిపోతుంది. 1871లో లూయిస్ కారల్ పిల్లల పుస్తకం ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ కోసం చిత్రకారుడు జాన్ టెనియల్ గుడ్డుకు కాళ్లూ చేతులూ పెట్టి గోడెక్కించాక ఆ రూపమే జనానికి స్థిరపడింది. గోడ మీంచి పడ్డ హంప్టీని అతకడానికి వచ్చే రాజుగారి గుర్రాలు కూడా 1797లో అచ్చయిన పాఠంలో లేవు, ఎనభై మంది, మరో ఎనభై మంది మనుషులే. కాబట్టి గుర్రపు దండు ఉన్న బొమ్మ చూస్తే అది తర్వాతి పాఠానికి వేసినదని తెలిసిపోతుంది.

జవాబు 2:
రంగుల తేడాలో అచ్చుదే పెద్ద పాలు. కాల్డెకాట్ కలంతో గీసిన బొమ్మను ముద్రాపకుడు ఎడ్మండ్ ఎవాన్స్ ఫొటో ద్వారా చెక్క బ్లాకు మీదికి ఎక్కించి చెక్కించేవాడు. ఆ గీతల ప్రూఫు (నమూనా అచ్చు) మీద కాల్డెకాట్ రంగులు వేసి ఇస్తే, చర్మపు రంగు, ఎరుపు, నీలం, పసుపు, బూడిద రంగులకు విడివిడిగా బ్లాకులు తయారయ్యేవి. ఒక్కో రంగుకు కాగితం ఒక్కోసారి యంత్రంలోకి వెళ్లాలి. బ్లాకు వెంట్రుకవాసి జరిగినా రంగు గీత దాటిపోతుంది. అలాంటప్పుడు తక్కువ రంగు, ఎక్కువ తెలుపు ఉన్న బొమ్మే బాగా నిలుస్తుంది.

రాకమ్ బొమ్మలు వేసిన నర్సరీ పాటల పుస్తకం ‘మదర్ గూస్’ 1913 నాటిది. అప్పటికి మూడురంగుల హాఫ్‌టోన్ (బొమ్మను ఫొటో తీసి సన్నని రంగుచుక్కలుగా అచ్చేసే పద్ధతి) వచ్చేసింది, నీటిరంగుల పలుచని పొరలు కూడా అచ్చులో దిగేవి. అయితే ఆ సన్నని చుక్కలకు నున్నటి పూతకాగితం కావాలి. అందుకని రంగుబొమ్మలను విడిగా అచ్చేసి పుస్తకంలో చేర్చేవారు. బొమ్మ పాటకు దూరమైపోయింది, అది నిజంగా నష్టమే.

జవాబు 3:
అచ్చు ఒక్కటే కారణం కాదండీ. చిత్రకారిణి కేట్ గ్రీనవే ‘మదర్ గూస్’ (1881) కూడా ఎవాన్స్ దగ్గరే, చెక్క బ్లాకులతోనే అచ్చయింది. అందులో పాతకాలపు గౌనుల్లో పిల్లలు కుదురుగా నిలబడి ఉంటారు. మరుసటి ఏడు కాల్డెకాట్ ‘హే డిడిల్ డిడిల్’లో చెంచాతో లేచిపోయిన పళ్లెం చివరి బొమ్మలో ముక్కలై పడి ఉంటుంది, చెంచాను కత్తీ ఫోర్కూ చెరోవైపు పట్టుకుని తీసుకుపోతుంటాయి. పాటలో ఈ విషాదం ఊసే లేదు!

ఇంకొకటి: రంగులు పోల్చేటప్పుడు కొత్త ముద్రణలను నమ్మకండి. కాల్డెకాట్, గ్రీనవే బొమ్మలను పది రెట్ల భూతద్దంతో చూడండి. లేతరంగుల్లో సన్నని సమాంతర గీతలుంటే చెక్క అచ్చు, పువ్వుల్లా గుమికూడిన రంగుచుక్కలుంటే తర్వాత ఫొటో తీసి వేసిన అచ్చు.