రాని బాకీని ఈ మార్చిలోనే కొట్టేయాలా, ఇంకో ఏడాది చూడాలా?

ట్రూప్‌బజార్ కొట్టు:
మాది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఒక కాంట్రాక్టరుకి వైర్లు, స్విచ్‌లు ఉద్దెర ఇచ్చాం. సరుకు 4 లక్షలు, 18 శాతం జీఎస్టీ 72 వేలు, మొత్తం 4,72,000. పద్నాలుగు నెలలైనా పైసా రాలేదు. ఫోన్ చేస్తే "బిల్లు పాసవ్వగానే ఇస్తా అన్నా" అనేవాడు, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. చేతికి రాని డబ్బు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టాం, జీఎస్టీ జేబులోంచి కట్టాం. బ్యాడ్ డెట్ కింద రాసేద్దామని నేను, రాస్తే వదిలేసినట్టేనని నాన్న. మీరేమంటారు?

రాణిగంజ్ పాత ఖాతా:
నాన్నగారి మాటే వినండి బాబూ. ముప్పై ఏళ్లుగా పంపుసెట్ల వ్యాపారంలో ఉన్నాను, పుస్తకంలో కొట్టేసిన బాకీ కోసం మళ్లీ గడప తొక్కినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. ఖాతాలో పేరు కనబడుతుంటేనే మనకి ఫోన్ చేయాలనిపిస్తుంది.

ట్యాలీ తమ్ముడు:
పెద్దాయనా, మన లెడ్జర్‌లో ఏం రాసుకున్నామో ఆ కాంట్రాక్టరుకెలా తెలుస్తుంది? రైటాఫ్ అంటే మన పుస్తకంలో కొట్టేయడం, అది వేరు, మాఫీ వేరు. రాసేశాక కూడా నోటీసు ఇవ్వొచ్చు, కోర్టుకెళ్లొచ్చు. బాకీ నిజంగా మునిగిందని రుజువు చేయాల్సిన పని 1989 ఏప్రిల్ నుంచే లేదు, ఖాతాలో రాసేస్తే చాలని 2010లో టీఆర్‌ఎఫ్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అన్నా, నీ 4 లక్షలు సేల్స్‌లో చూపి పన్ను కట్టావు కాబట్టి మినహాయింపు అడగొచ్చు, రేపు వసూలైతే ఆ ఏడాది ఆదాయంలో కలుపుతావు. అమ్మకాల్లో ఇంత శాతం లాభమని అంచనాగా చూపి పన్ను కట్టేవాళ్లకైతే ఇది విడిగా రాదు. జీఎస్టీ 72 వేలు మాత్రం మర్చిపో, బాకీ మునిగిందని తిరిగిచ్చే ఏర్పాటు ఆ చట్టంలో లేదు.

కామర్స్ మేడమ్:
ఉంచడం, కొట్టేయడం, ఈ రెండేనా? ఇంటర్ పుస్తకంలో 'సంశయాత్మక బాకీల ఏర్పాటు' అని చదువుకున్నాం కదా, గుర్తుందా? మనిషి ఉన్నాడు, సైట్ నడుస్తోంది, డబ్బు మాత్రం అనుమానం అన్నప్పుడు సగానికి ప్రొవిజన్ పెట్టండి, అంటే ఆ సగం రాకపోవచ్చని ముందే నష్టంగా చూపుకోండి. ఖాతాలో పేరు అలాగే ఉంటుంది, బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం బాకీ తగ్గి కనబడుతుంది. లేకపోతే లేని లాభం ఉందనుకుని ఇంట్లోకి వాడేసుకుంటారు, అసలు ప్రమాదం అక్కడుంది.

ట్యాలీ తమ్ముడు:
ప్రొవిజన్ పెడితే పన్నులో ఏమీ తగ్గదు మేడమ్. బ్యాంకులకున్న వెసులుబాటు షాపులకి లేదు, ఆడిటర్ దాన్ని మళ్లీ లాభంలో కలిపేస్తాడు.

కామర్స్ మేడమ్:
పన్ను కోసమే లెక్కలు రాస్తామా? షాపులో ఎంత మిగిలిందో తెలియడానికి కాదూ!

రాణిగంజ్ పాత ఖాతా:
మీ ఎంట్రీల గొడవ అలా ఉంచండి, ముందు ఆ కాంట్రాక్టరు దగ్గర బాకీ ఒప్పుకుంటూ సంతకం తీసుకున్నాడా ఈ అబ్బాయి? దావాకి మూడేళ్లే గడువు. ఆ గడువులోపు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. ఇంకోటి, 180 రోజుల్లో మనకి కట్టకపోతే వాడు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మన బిల్లులోని జీఎస్టీ చూపి తన పన్నులో తగ్గించుకున్నది, వడ్డీతో వెనక్కి కట్టాలి. ఈ ముక్క వాడితో కాదు, వాడి అకౌంటెంట్‌తో చెప్పండి. నాకు రెండుసార్లు పనిచేసింది. కొట్టేయడం మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.

ట్రూప్‌బజార్ కొట్టు:
సంతకం తీసుకోలేదు సార్, వాట్సాప్‌లో "ఇస్తా" అన్న మెసేజ్‌లు మాత్రం ఉన్నాయి. సోమవారం సైట్‌కే వెళ్తున్నా, కాగితం టైప్ చేయించాను. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. "కంప్యూటర్‌లో ఏమైనా చేసుకో, నా ఎర్ర పుస్తకం జోలికి రాకు" అన్నారు.