పదేళ్ల లగ్జరీ ఎస్‌యూవీ 16 లక్షలకు వస్తోంది, తీసుకోవచ్చా? వాడినవాళ్లు చెప్పండి

ఓరుగల్లు_శీను
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది హన్మకొండ. ఇంట్ల ఆరుగురం. నాన్నకు మోకాళ్లు అరిగినయ్, నెలకు రెండుసార్లు హైదరాబాద్ దవాఖానకు తీస్కపోవాలె. ఇప్పుడున్న చిన్న కార్ల ఆయన కాళ్లు చాపలేక మస్తు ఇబ్బంది పడుతున్నడు. మా బావ ఒక డీలర్ దగ్గర 2015 మోడల్ జర్మన్ బండి చూపెట్టిండు. డీజిల్, ఏడు సీట్లు, ఢిల్లీ నంబర్, మీటర్ మీద 62 వేలు. 16 లక్షలు అంటున్నడు. కొత్తల 80 లక్షల బండి అది. నాన్న అండ్ల కూసున్నప్పుడు ఆయన మొహం చూసినంక వదిలెయ్య మనసొప్పుతలేదు. కానీ కొన్నంక ఏడాదికి ఎంతయితది? ఏమేం పోతయ్? ఉన్నదున్నట్టు చెప్పండి.

మియాపూర్_మోహన్
శీనూ, ఇలాంటి బండే నాలుగేళ్లు వాడి అమ్మాను. ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. పాతబడితే బండి ధర పడిపోతుంది, పార్టు ధర పడిపోదు. నువ్వు 16 లక్షలకు కొన్నా దాని హెడ్‌లైటు, బ్రేకు, గేర్‌బాక్సు 80 లక్షల బండివే.

నా లెక్క రాస్తున్నా. 20 అంగుళాల టైర్లు నాలుగు 1,12,000. బ్యాటరీ 28 వేలు (మార్చాక కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, లేకపోతే చార్జింగ్ సరిగా జరగదు). ముందు డిస్కులు, ప్యాడ్లు 64 వేలు. కూలెంట్ పైపు పగిలితే 38 వేలు. ఏడాదికో సర్వీసు, సగటున 45 వేలు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్లు, వాటికి గాలి కొట్టే కంప్రెసర్). ఒకరోజు పొద్దున సెల్లార్‌లోకి దిగేసరికి ముందు కుడివైపు బండి కూర్చుండిపోయి ఉంది. టైరుకీ ఫెండరుకీ (టైరు పైనుండే రేకు) మధ్య రెండు వేళ్లు కూడా దూరలేదు. స్టార్ట్ చేశాను, కంప్రెసర్ గుర్‌మని మోగింది, మూడు నిమిషాల్లో లేచింది. లేచింది కదా అని రెండు నెలలు అలాగే తిప్పాను. అదే నేను చేసిన తప్పు. బెలూన్ కారుతున్నన్నాళ్లూ కంప్రెసర్ ఆగకుండా గాలి కొట్టి కొట్టి కాలిపోయింది. ఒక బెలూన్‌తో పోయే పని రెండూ కలిసి 2,30,000 అయింది. మొత్తం నాలుగేళ్లకి ఆరున్నర లక్షలు. డీజిల్, ఇన్సూరెన్స్ ఇందులో లేవు.

ఆటోనగర్_చేతిపని
నేను బెజవాడ ఆటోనగర్‌లో ఈ బండ్ల పనే చేస్తాను. మోహన్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆడి క్యూ7, మెర్సిడెస్ జీఎల్, రేంజ్ రోవర్ లాంటివాటిలో ఎక్కువగా నాలుగు చక్రాలకీ బెలూన్లే ఉంటాయి. రబ్బరు కదండీ, మన ఎండకి పదేళ్లలో పగుళ్లు వచ్చేస్తాయి. శీను గారు, బండిని ఒక రాత్రంతా ఒకే చోట ఆపించండి. ఆపేముందు నాలుగు చక్రాల దగ్గరా ఫెండరు ఎత్తు టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. పొద్దున స్టార్ట్ చేయకుండా మళ్లీ కొలవండి. ఒక మూల దిగిందంటే అక్కడ కారుతున్నట్టే.

పొద్దున మొదటి స్టార్టు మీరే చేయండి. ఇంజన్ ముందే వేడిగా ఉంటే, ఎవరో తిప్పి ఉంచారని అర్థం. చల్లటి ఇంజన్ తిరగ్గానే దాని వెనకవైపు, అంటే గేర్‌బాక్స్ వైపు నుంచి గలగలమని గొలుసు చప్పుడు వస్తే ఆ బండి జోలికి పోకండి. బీఎండబ్ల్యూ ఎన్57 లాంటి డీజిల్ ఇంజన్లలో టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులని వేళకి కదిలించే గొలుసు) గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ మార్చాలంటే ఇంజన్ గానీ గేర్‌బాక్స్ గానీ దించాల్సిందే. చైన్ ధర కన్నా ఆ దించే ఎక్కించే కూలీ భారం.

గేర్‌బాక్స్ ఆయిల్‌ని లైఫ్‌టైమ్ అంటారు, నమ్మొద్దు. చాలా బండ్లలో ఉండే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ని తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. చాలావాటిలో ఫిల్టరు, అడుగు పళ్లెం ఒకటే ముక్క, రెండూ కలిపే మార్చాలి.

డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే జల్లెడ) సంగతి. ఊళ్లో ఐదు కిలోమీటర్లు తిరిగి ఆపేసే వాడకం అయితే మసి పేరుకుపోతుంది. మీరు నెలకు రెండుసార్లు హైవే మీద వెళ్తారు కాబట్టి ఆ భయం తక్కువ. కానీ కొందరు లోపలి జల్లెడ పీకించేసి అమ్ముతున్నారు. పొగగొట్టంలో వేలు పెట్టి చూడండి, నల్లటి మసి దట్టంగా అంటితే అనుమానించాల్సిందే.

సీతమ్మధార_లక్ష్మి
మాది విశాఖ. సన్‌రూఫ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. అద్దం చుట్టూ పడ్డ నీళ్లు పోవడానికి మూలల్లో సన్నటి గొట్టాలుంటాయి. మా బండి బాదం చెట్టు కింద ఉండేది. ఆకుల చెత్తతో అవి మూసుకుపోయాయి. వానాకాలంలో నీళ్లన్నీ పిల్లర్ల గుండా లోపలికి దిగి కార్పెట్ కిందకి చేరాయి. పైకి తడే కనిపించలేదు. లోపలేదో ముక్కవాసన వస్తుంటే పిల్లల టిఫిన్ డబ్బా ఒలికిందనుకున్నాను. చివరికి సీటు కిందున్న కంట్రోల్ యూనిట్ పచ్చగా చిలుం పట్టిపోయింది. 90 వేలు పోశాం. ఇప్పుడు వానలకి ముందు మెకానిక్ చేత ఆ గొట్టాలు శుభ్రం చేయిస్తున్నాం.

కొనేటప్పుడు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. బురద గీత ఉంటే వరదలో మునిగిన బండి. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టినా అంతే. 2015లో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం.

ఓరుగల్లు_శీను
చాలా థ్యాంక్స్ అక్కా. అన్నలూ, ఢిల్లీ నంబర్ అంటే ఏమన్న లొల్లి ఉంటదా? డీలర్ అయితే ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చనీకి ఆర్టీఏ ఇచ్చే కాగితం) మొత్తం నేనే చూస్కుంట అంటుండు.

కొంపల్లి_కాగితాలు
బండ్ల బదిలీల పని చేస్త, తెలిసినంత చెప్త. ఢిల్లీల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని 2015ల ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018ల సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, 2025ల కొంత సడలించింది. ఆ నియమంతోనే ఆడ పదేళ్లు దగ్గరపడ్డ బండ్లు అగ్గువకు మన దిక్కు వచ్చినయ్. బండి చెడ్డదని కాదు. కానీ ఇక్కడ మళ్ల లైఫ్ ట్యాక్స్ కట్టాలె. కొత్తప్పటి ధర, బండి వయసు చూసి వేస్తరు, నువ్వు కొన్న 16 లక్షల మీద కాదు. ఆ లెక్క ఆర్టీఏ ఆఫీసుల ముందే కట్టించుకో, తర్వాతనే బేరం చెయ్యి.

ఫామ్ 28 ఎన్‌వోసీ చేతికొచ్చేదాకా పూర్తి పైసలు ఇయ్యకు. లోన్ ఉన్న బండైతే ఫామ్ 35 (లోన్ తీరినట్టు రాసేది), బ్యాంకు కాగితం ఉండాలె. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరు మీదికి మార్పించు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. మన రోడ్ల మీద నీళ్లు ఆగుతయ్ కాబట్టి ఇన్సూరెన్స్‌ల ఇంజన్ ప్రొటెక్ట్ (నీళ్లతోని ఇంజన్ పాడైతే వర్తించే అదనపు కవర్) అడుగు. నీళ్లల్ల ఆగిపోతే మాత్రం మళ్ల సెల్ఫ్ కొట్టకు.

అనంత_రామిరెడ్డి
అనంతపురం నుంచి రాస్తున్నా. మాకు ఈ బండ్లకి దగ్గరి షోరూమ్ అంటే బెంగళూరే. సెన్సర్ లైటు వెలిగినా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి 200 కిలోమీటర్లు పంపాల. పోయిన ఎండాకాలం ఒక ప్లాస్టిక్ గొట్టం కోసం బండి పదకొండు రోజులు ఆడే ఉండె. డబ్బు సంగతి అట్లుంచు, ఇంట్లో పెద్దాయన్ని ఆస్పత్రికి తీసుకపోవాల్సిన రోజు బండి లేకపోతే ఏం చేస్తావు? నువ్వు దాని గురించి ఆలోచించు తమ్ముడూ.

డాలస్_కిరణ్
ఇక్కడ టెక్సాస్‌లో పాత లగ్జరీ బండి కొనేముందు అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ దగ్గర చెకప్ చేయించడం మామూలే. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర మేం కొనం. అక్కడా అదే పట్టుబట్టండి.

మియాపూర్_మోహన్
అవును. స్కానర్ (బండి కంప్యూటర్లలోని వివరాలు చదివే పరికరం) పెట్టించు. కిలోమీటర్లు మీటర్‌లోనే కాదు, చాలా బండ్లలో గేర్‌బాక్స్ కంప్యూటర్ లాంటి చోట్ల కూడా నమోదవుతాయి. వెనక్కి తిప్పేవాళ్లు అన్నీ తిప్పరు. బ్రేక్ పెడల్ రబ్బరు చూడు. 62 వేలకి అది నున్నగా అరిగిపోదు.

ఓరుగల్లు_శీను
నిన్న పోయొచ్చినం. రాత్రి ఆపి పెట్టనీకి డీలర్ ఒప్పుకోలే. కూకట్‌పల్లిల తెలిసిన మెకానిక్‌ను తోల్కపోయి స్కానర్ పెట్టించిన. మీటర్ మీద 62 వేలు, గేర్‌బాక్స్‌ల 1,41,000. పెడల్ రబ్బరు అద్దం లెక్క నున్నగున్నది. టోకెన్ కట్టిన 20 వేలు వాపస్ అడిగిన, సగమే ఇచ్చిండు. పోనీ అనుకున్నం.

మా డాక్టర్ సారుకు ఎరికైన ఒకాయన దగ్గర 2017 బండి ఉన్నదట. తెలంగాణ నంబర్, ఒకటే చెయ్యి, 96 వేలు తిరిగింది, సర్వీసు బిల్లులు అన్నీ ఉన్నయట. 19 లక్షలు చెప్తున్నరు. దీనికి స్ప్రింగులే, బెలూన్లు లేవు. నాన్న కూసోని చూసిండు, కాళ్లు చాపితే సరిపోయినయ్.

ఆటోనగర్_చేతిపని
కిలోమీటర్లు నిజమైతే 96 వేలకి భయపడాల్సింది లేదండీ. బిల్లుల ఫొటోలు పెట్టండి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారో లేదో చూసి చెప్తాను.